పులికాట్‌లో మోకాలిలోతు నీళ్ళుండాలి: అధికారులకు ఒక టీచరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖ, పర్యాటక శాఖ, మత్స్య శాఖ అధికారులకూ, తిరుపతి జిల్లా యంత్రాంగానికీ నమస్కారాలు.

నేను సూళ్ళూరుపేట దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. సర్వీసు ఇరవై మూడేళ్ళు దాటింది. సంక్రాంతి సెలవులయ్యాక ఏటా ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి (షార్) వెళ్ళే రోడ్డు మీద అటకానితిప్ప దాకా వెళ్తాను. ఇంకా చీకటి ఉండగానే బయల్దేరతాం. మంచు విడిపోయే వేళకి నీళ్ళ మధ్యలో తెల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. ఎండ పడేకొద్దీ ఆ గీత గులాబీ రంగుకి తిరుగుతుంది. అప్పుడు అర్థమవుతుంది, అది గీత కాదు, వరసగా నిలబడ్డ రాజహంసలని, అంటే ఫ్లెమింగోలని. అప్పటిదాకా గోలగోలగా ఉన్న పిల్లలు ఒక్కసారిగా మాటలు ఆపేస్తారు. ఆ క్షణం కోసమే నేను ప్రతి ఏడూ వెళ్తాను.

మొన్న జనవరిలో వెళ్ళినప్పుడు దారి పక్కన ఒక పాత బోర్డు కనిపించింది. ఎవరు పెట్టారో దాని మీద పేరు లేదు. 'ఈ పక్షులు ఆస్ట్రేలియా, సైబీరియాల నుంచి వచ్చి ఇక్కడ గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, వేసవిలో తిరిగి వెళ్తాయి' అని రాసుంది. మా క్లాసు అమ్మాయి ఒకతి అది చదివి, బైనాక్యులర్స్ పెట్టుకుని చాలాసేపు వెతికింది. చివరికి నా దగ్గరకొచ్చి, "గూళ్ళు యాడ సార్? ఒక్కటి కూడా కనపళ్ళేదే" అని అడిగింది.

ఆ ప్రశ్నే ఈ ఉత్తరం రాయిస్తోంది. పులికాట్‌లో రాజహంసల గూళ్ళు లేవు. మన దగ్గర గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకునేవి దగ్గర్లోని నేలపట్టులో చెట్ల మీద కాపురముండే గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు. రాజహంస చెట్టెక్కే పక్షి కాదు. ఆస్ట్రేలియాలో ఈ రోజున స్వేచ్ఛగా తిరిగే రాజహంస ఒక్కటి కూడా లేదు, ఎప్పటివో శిలాజాలు తప్ప. సైబీరియా కూడా వీటి ఇల్లు కాదు. ఉత్తరాన ఇవి సహజంగా గూళ్ళు కట్టే ఆఖరి చోటు కజకిస్తాన్‌లోని తెంగిజ్ సరస్సు.

మన దేశంలో ఇవి ఎక్కువగా పుట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. వాన నీళ్ళు నిలిచిన ఉప్పు నేల నడిమధ్యలో, మనుషులు తేలిగ్గా చేరలేని చోట, ఇవి ముక్కుతో బురద ఎత్తి పోసుకుంటూ జానెడు, జానెడున్నర ఎత్తు దిబ్బ కడతాయి. పైన చిన్న గుంట. అందులో ఒకే ఒక్క గుడ్డు. 1945లో పక్షి శాస్త్రజ్ఞుడు సాలిం అలీ అక్కడికి వెళ్ళి చూసి, అయిదు లక్షల దాకా పక్షులు ఉంటాయని అంచనా కట్టారు. ఆ చోటుకి 'ఫ్లెమింగో సిటీ' అన్న పేరు స్థిరపడిపోయింది. మన పులికాట్‌కి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఆ వైపు నుంచే వస్తాయని పక్షి శాస్త్రజ్ఞులు అనుకుంటారు. కొన్ని ఇంకా దూరం నుంచి కూడా రావచ్చు. 1970లలో ఇరాన్‌లోని ఉర్మియా సరస్సులో పిల్లలుగా ఉన్నప్పుడు కాలికి రింగు వేసిన పక్షులు కొన్ని మన దేశంలో దొరికాయి.

బోర్డు మీద ఒక వాక్యం తప్పయితే అంత పట్టుబట్టాలా అని మీకు అనిపించవచ్చు. పట్టుబట్టాలనే నా మనవి. గుడ్లు పెట్టడానికి వస్తాయనుకుంటే మన ధ్యాసంతా చెట్ల మీదికీ, తిప్పల మీదికీ పోతుంది. అవి వచ్చేది తిండికి. ఆ తిండి ఉండేది బురదలో. మోకాలిలోతు ఉప్పునీళ్ళ కింద, మనం కాలు పెడితే చీలమండ దాకా దిగబడిపోయే ఆ నల్లటి మెత్తటి బురదే వాటికి అన్నం కుండ. ఈ ఒక్క సంగతి ఖాయం చేసుకుంటే పులికాట్ గురించి తీసుకునే నిర్ణయాలు చాలా మారతాయి. అందుకని ఆ పక్షి అన్నం ఎలా తింటుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మా బడిలో ఒక పాత స్పాటింగ్ స్కోప్ (పక్షుల్ని చూసే దుర్భిణి) ఉంది. దాంట్లోంచి ఒక్క పక్షిని పట్టుకుని పది నిమిషాలు చూడమంటాను పిల్లల్ని. ముందు అది ఉన్నచోటే నిలబడి కాళ్ళు తొక్కుతుంది, అచ్చం కుండలు చేసేవాళ్ళు మట్టి తొక్కినట్టు. బాతుకున్నట్టే దాని వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది కాబట్టి అడుగు పడిన ప్రతిసారీ బురద పైకి లేస్తుంది. తల కిందికి వంచి, ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి, తల చుట్టూనే మెల్లగా తిరుగుతూ తొక్కుతుంది. వేసవి మొదట్లో నీళ్ళు దిగాక అదే చోటికి వెళ్ళి చూస్తే బురద మీద గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. చుట్టూ గాడి, మధ్యలో చిన్న దిబ్బ. ఎవరో చేత్తో పెద్ద పెద్ద పళ్ళేలు అచ్చు వేసినట్టుంటాయి. మా పిల్లలు మొదటిసారి చూసి పశువుల డెక్కల గుర్తులనుకున్నారు. ఒక్కొక్క గుంటా ఒక పక్షి భోంచేసి వెళ్ళిన విస్తరి.

ఆ ముక్కు సంగతి మరీ విచిత్రం. మిగతా పక్షుల్లో కింది దవడే ఎక్కువగా కదులుతుంది. తల తిరగేసి తింటుంది కాబట్టి దీని పై దవడ కూడా బాగా ఆడుతుంది. నోట్లో లావుపాటి నాలుక పిస్టన్‌లా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, సెకనుకు నాలుగైదు సార్లు. వెనక్కి లాగినప్పుడు నీళ్ళు లోపలికి, తోసినప్పుడు బయటికి. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి సన్నటి వరసలుంటాయి. నీళ్ళూ ఒండ్రూ బయటికి పోతాయి, చిన్న చిన్న రొయ్య జాతి జీవులు, నత్తలు, పురుగుల పిల్లలు, గింజలు లోపల నిలుస్తాయి. పాలనీ నీళ్ళనీ వేరు చేసే హంస కథ మన పెద్దవాళ్ళు తరతరాలుగా చెప్తూ వచ్చారు. ఆ కథలో హంస ఇదేనని నేను అనను. కానీ బురదనీ బువ్వనీ నిజంగా వేరు చేసే హంస మన ఊరి పక్కనే ఉందని పిల్లలకి చెప్తే వాళ్ళ మొహాలు చూడాలి.

2025లో అమెరికా శాస్త్రవేత్తలు చిలీ జాతి ఫ్లెమింగోల మీద పరిశోధన చేసి ఇంకో సంగతి బయటపెట్టారు. అవి తలని నీళ్ళలోంచి చటుక్కున పైకి లాగి చిన్న సుడిగుండం పుట్టిస్తాయట. అడుగున ఉన్న ఒండ్రూ, అందులోని జీవాలూ ఆ సుడిలో పైకి లేస్తాయి. అంటే దొరికింది జల్లెడ పట్టుకోవడమే కాదు, కింద దాక్కున్నదాన్ని రప్పించుకోవడం కూడా దానికి తెలుసు. మన పెద్ద రాజహంసకీ దానికీ ముక్కు తీరు ఒకటే.

మన దగ్గర రెండు జాతులు కనిపిస్తాయి. ఎక్కువగా కనిపించేది పెద్ద రాజహంస. నిలబడితే నాలుగు, అయిదు అడుగులు, బరువు మాత్రం రెండు నుంచి నాలుగు కిలోలే. గులాబీ రంగు ముక్కు, చివర నలుపు. రెండోది చిన్న రాజహంస. దాని ముక్కు ముదురు ఎరుపు. అది అడుగు బురద జోలికి పోదు, నీటి పైపైన పెరిగే సన్నటి నాచు తిని బతుకుతుంది. ఒకే సరస్సులో ఒకటి అడుగున, ఒకటి పైన తింటాయి కాబట్టి వాటికి కొట్లాట లేదు. పెద్దదానికి ఇప్పటికి ప్రపంచం మొత్తంలో ప్రమాదం లేదంటున్నారు, చిన్నదానికి మాత్రం ముప్పు దగ్గరపడుతోందని లెక్క.

రంగు గురించి అడగని పిల్లాడు ఉండడు. పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగులో ఉంటుంది, ముక్కు కూడా తిన్నగా ఉంటుంది. తినే నాచులోనూ రొయ్య జాతి జీవుల్లోనూ ఉండే కెరోటినాయిడ్లు ఒంట్లో చేరేకొద్దీ రెండు మూడేళ్ళకి ఈకలకి గులాబీ రంగు వస్తుంది. క్యారెట్‌కి రంగిచ్చే పదార్థం కుటుంబానిదే ఇది. మా స్కోప్‌లో గుంపు మధ్య ఎక్కడో ఒకచోట మట్టి రంగు పిల్ల కనిపిస్తే, "సార్, ఇది ఇంకా చిన్న పాప" అని అరుస్తారు. స్పెయిన్‌లో శాస్త్రవేత్తలు 2010లో గమనించినది వాళ్ళకి ఇంకా నచ్చుతుంది. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి వచ్చే రంగు నూనెని రాజహంసలు బుగ్గతో అద్దుకుని మెడకీ వీపుకీ రాసుకుంటాయి, జత కట్టే కాలంలో మరీ ఎక్కువగా. "అయితే పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టే" అంది ఆ గూళ్ళు వెతికిన అమ్మాయే. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు మీరు తప్పకుండా గుర్తుంచుకోవాలని నేను కోరేది ఒకటుంది. రాజహంస చాలా నిదానంగా పెరిగే కుటుంబం. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ ప్రతి ఏడూ కాదు. కచ్‌లో వాన సరిగ్గా పడక నీళ్ళు నిలవకపోతే ఆ ఏడు గూళ్ళే కట్టవు. గుడ్డు పెడితే తల్లీ తండ్రీ ఇద్దరూ నెల రోజుల పాటు పొదుగుతారు. పిల్ల పుట్టాక ఇద్దరి గొంతు కిందా పాలు ఊరతాయి. ఎర్రటి పాలు, కొవ్వూ ప్రోటీనూ నిండిన పాలు. పిల్లకి ముక్కు వంగి, తనంతట తాను నీళ్ళు వడపోసుకునేదాకా అదే ఆధారం. ఆ పాలతో తమ ఒంట్లోని రంగు కూడా పిల్లకి ఇచ్చేసి, అమ్మా నాన్నా ఇద్దరూ వెలవెలబోతారు. అంత పోగొట్టుకుని అలసిన పక్షులు తిరిగి ఒళ్ళు చేసుకోవడానికి వచ్చే చోట్లలో మన పులికాట్ ఒకటి. ఆడపిల్ల కాన్పయ్యాక పుట్టింటికి వచ్చి కోలుకుంటుంది చూడండి, అలాంటి రాక ఇది. ఇక్కడ కడుపు నిండితేనే మళ్ళీ ఏడు అక్కడ గూడు.

ఇంకోటి, వీటి ఆయుష్షు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జూలో 2014లో చనిపోయిన పెద్ద రాజహంస వయసు కనీసం 83 ఏళ్ళు. బయట స్వేచ్ఛగా బతికేవి కూడా నలభై ఏళ్ళు దాటిన సందర్భాలు ఫ్రాన్స్‌లోని కమార్గ్‌లో రింగుల వల్ల తెలిశాయి. నేను ఉద్యోగంలో చేరిన ఏడు చూసిన పక్షే నేను రిటైరయ్యే ఏడు కూడా ఇక్కడికి వస్తుండవచ్చు. అది సరస్సుని గుర్తుపెట్టుకుని వస్తుంది. వచ్చేసరికి సరస్సు తనకి తెలిసిన సరస్సులా ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన వైపే ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలా ఉంటుంది. కాళంగి లాంటి ఏర్లు మంచినీళ్ళు తెస్తాయి, ముఖద్వారాల గుండా పోటుకి ఉప్పునీళ్ళు వస్తాయి. ఈ రెండూ కలవడమే సరస్సు ప్రాణం. ఈశాన్య రుతుపవనం వానలకి సరస్సు నిండుతుంది, నీళ్ళు పలచబడతాయి. జనవరి నుంచి మెల్లగా తగ్గుతూ, ఉప్పు పెరుగుతూ, వేసవికి చాలా చోట్ల నేల తేలిపోతుంది. రాజహంసలు ఈ తగ్గే నీళ్ళ అంచు వెంటే జరుగుతూ తింటాయి. దాదాపు ముప్పావు మీటరు లోతు దాటితే వాటి కాళ్ళకి నేల అందదు. మరీ ఎండితే బురద గట్టిపడి ముక్కు దిగదు. లోతు ఎక్కువైనా అన్నం లేదు, తక్కువైనా అన్నం లేదు.

మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఇసుక మేటలు వేసి పూడిపోతున్నాయని మత్స్యకారులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. మా ఊరికి చేపలు తెచ్చే ఒక తాతని అడిగాను, ఏంటి తాతా ఈ ఏడు రొయ్యలు తగ్గినట్టున్నాయని. ఆయన గంప దించి కూచుని, "సముద్రానికీ దీనికీ రాకపోకలు లేకపోతే పిల్ల రొయ్య యాడ్నించి వస్తాది సార్? మాకూ లేదు, ఆ పక్షులకీ లేదు" అన్నాడు. పక్షుల సంగతి నేను ఎత్తలేదు, ఆయనే అన్నాడు. రాజహంసలకీ మత్స్యకారులకీ పోటీ ఉందని అనుకునేవాళ్ళు ఆ మాట వినాలి. రాజహంస తినేది ఆయన వలలో పడే సైజు జీవాల్ని కాదు. ఇద్దరికీ కావలసింది ఒకటే, వచ్చీపోయే నీళ్ళు.

కాబట్టి ముఖద్వారాల పూడిక తీయించండి. అది మత్స్యకారుల హక్కుగానే చూడండి. కానీ ఒక్క విన్నపం. పూడిక తీయడమంటే సరస్సు అడుగంతా తవ్వడం కాకూడదు. ముఖద్వారాలూ, అక్కడి నుంచి లోపలికి నీళ్ళు పారే కాలవలూ తవ్వితే చాలు. పక్షులు తినే మెరక బురద నేలల జోలికి పోకండి. తవ్విన ఇసుకా మట్టీ తెచ్చి ఆ నేలల మీద పోస్తే కింద ఉన్న జీవాలన్నీ కప్పబడిపోతాయి, ఆ విస్తరి మళ్ళీ పరుచుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో. పనులు అక్టోబరు లోపే ముగించి, నవంబరు నుంచి మార్చి దాకా యంత్రాల చప్పుడు లేకుండా చూడండి. నీటి లోతూ, ఉప్పూ, బురదలోని జీవాలూ ఎలా ఉన్నాయో తవ్వక ముందూ, తవ్విన తర్వాతా కొలిచి ఆ లెక్కలు అందరికీ కనిపించేలా పెట్టండి.

దారులు మూసుకుపోతే ఏమవుతుందో మనం వేరే చోట చూశాం. 2024 ఏప్రిల్‌లో నవీ ముంబయిలో, నేరుల్ దగ్గర ఒక చెరువుకి సముద్రపు పోటు నీళ్ళు వచ్చే మార్గాలు పూడుకుపోయి, చెరువు ఎండిపోయింది. అక్కడికి అలవాటుపడ్డ ఫ్లెమింగోలు దారి తప్పి రోడ్ల మీదికి వచ్చి కొన్ని చనిపోయాయి. మరుసటి నెల అదే మహానగరంలో దిగుతున్న విమానానికి ఒక గుంపు తగిలి దాదాపు నలభై పక్షులు ఒకే రాత్రి పోయాయి. ఉర్మియా సరస్సు అయితే ఒకప్పుడు వేల గూళ్ళకి ఆధారంగా ఉండేది. నదుల నీళ్ళు మళ్ళించేసరికి చాలా వరకు ఎండి, ఉప్పు మైదానమైపోయింది. ఇవి చదివినప్పుడల్లా నాకు నిజంగా టెన్షన్‌గా ఉంటుంది. మనకి ఇంకా సమయం ఉంది కాబట్టే అడుగుతున్నాను.

రోడ్డు గురించి ఒక మాట. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్ళే రోడ్డు సరస్సుని రెండుగా చేస్తుంది. ఆ రోడ్డు దేశానికి ఎంత ముఖ్యమో, మా ఊళ్ళకి ఎంత అవసరమో నాకు తెలుసు. మా విద్యార్థులు కొందరు ఆ దారినే రోజూ ఉద్యోగాలకి వెళ్ళొస్తున్నారు. నేను కోరేది దాని కింది తూములు ఏటా వానలకి ముందు శుభ్రం చేయించమనీ, రోడ్డు వెడల్పు చేసినా మరమ్మతు చేసినా తూముల సంఖ్య పెంచమనీ మాత్రమే. రెండు పక్కలా నీటి మట్టం ఒకటిగా ఉంటే బురద నేలలు రెండు పక్కలా బతుకుతాయి.

తర్వాత చప్పుడు. రెండేళ్ళ కిందట ఒక రోజు మేం రోడ్డు పక్కన నిలబడి చూస్తుంటే, కాస్త దూరంలో కారు ఆపి ఒకాయన డ్రోన్ ఎగరేశాడు. ఎవరో తెలియదు, తెలిసినా ఇక్కడ పేరు రాయను. డ్రోన్ గుంపు మీదికి వెళ్ళగానే ముందు మెడలన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి. తర్వాత నడక, నడక పరుగైంది. ఉన్నచోటు నుంచే గాల్లోకి లేవడం రాజహంసకి చేతకాదు, నీళ్ళ మీద కొన్ని అడుగులు పరిగెత్తితేనే గాలిలోకి వస్తుంది. రెక్కల కింద ఎరుపూ నలుపూ తెరుచుకుని వందల పక్షులు లేచాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పను. పిల్లలు చప్పట్లు కొట్టబోయారు. నేను వద్దన్నాను. ఆ గుంపు మళ్ళీ వాలి, తల దించి తినడం మొదలుపెట్టేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, వాచీ పెట్టి చూశాం. ఒక వీడియో కోసం అంతమంది అతిథుల్ని విస్తరి ముందు నుంచి లేపడం మన ఇళ్ళలో జరిగితే ఊరుకుంటామా?

ఒంటికాలి మీద నిలబడి ఉన్నది నిద్రపోతోందని జనం అనుకుంటారు, రాళ్ళు విసిరి లేపే పిల్లల్ని కూడా చూశాను. అది విశ్రాంతి. 2017లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు చనిపోయిన ఫ్లెమింగో దేహాన్ని ఒంటికాలి మీద నిలబెట్టి చూపించారు. కండరాల పని లేకుండానే ఆ దేహం నిలబడింది, అదే రెండు కాళ్ళ మీద నిలవలేదు. అంటే ఒంటికాలి మీద ఉన్నప్పుడే దానికి తక్కువ శ్రమ. పగలు తిని, నిలబడి సేదదీరి, రాత్రిళ్ళు ప్రయాణం చేసే పక్షి ఇది. గాలి అనుకూలిస్తే ఒక్క రాత్రిలో అయిదారు వందల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి కచ్ సూటిగా కొలిచినా పదిహేను వందల కిలోమీటర్లు. మనం ఊరికే ఎగరగొట్టిన ప్రతిసారీ ఆ దారి ఖర్చులోంచే తీస్తున్నాం.

అందుకని సీజన్ మొత్తం సరస్సు మీద డ్రోన్లు వద్దని గట్టిగా చెప్పండి, అమలు చేయండి. బండ్లు ఆపి చూడ్డానికి రెండు మూడు చోట్లు నిర్ణయించి, అక్కడ తడకలతో చాటు కట్టించండి. సిమెంటు కట్టడం అక్కర్లేదు, తాటాకు తడకలు చాలు, కట్టేవాళ్ళు మా ఊళ్ళలోనే ఉన్నారు. పడవ షికార్లు పక్షులు తినే వైపు కాకుండా లోతు వైపు మళ్ళించండి. ఇది 1976 నుంచి పక్షుల అభయారణ్యం. ఆ మాటకి అర్థం రోడ్డు మీద నిలబడిన మామూలు మనిషికి కూడా తెలిసేలా ఉండాలి.

పండగ గురించి. ఫ్లెమింగో ఫెస్టివల్ 2001లో మొదలైనప్పుడు మా ఊళ్ళకి ఎంత సంబరమో నాకు గుర్తుంది. కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగినప్పుడు మా పిల్లలు డ్యాన్సు కూడా చేశారు. పండగ ఉండాలి. ఆ మూడు రోజుల్లో బస్సుల్లో వచ్చే వేలమంది పిల్లలకి పక్షిని దగ్గరగా చూపించే ఏర్పాటు కూడా ఉండాలి. ప్రతి చూసే చోటా రెండు మూడు మంచి స్కోపులు, పక్కన సంగతులు తెలిసిన మనిషి ఒకరు. ఆ మనిషి మత్స్యకారుడైతే మరీ మంచిది. నీటి మీద గాలి ఎటు తిరిగితే గుంపు ఎటు జరుగుతుందో సరస్సులోని ఇరకం, వేనాడు దీవుల వాళ్ళకి తెలిసినంత మా టీచర్లకి తెలియదు. వాళ్ళకి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కూలి కాదు, గౌరవంగా జీతం ఇచ్చి గైడ్లుగా పెట్టండి. ఆ పాత బోర్డు తీసేయించి సరైనది రాయించండి. రాసి పెట్టమంటే నేను రాసిస్తాను, డబ్బు అక్కర్లేదు.

వీటన్నిటికంటే తేలికైన కోరిక ఒకటి చివరికి దాచుకున్నాను. నీటి లోతు కొలవడానికి మా పిల్లలు ఒక కర్ర తయారు చేశారు. నిలువెత్తు వెదురు బొంగు. దాని మీద సెంటీమీటర్ల గీతలు గీసి, మూడు చోట్ల ఎర్ర రంగు పట్టీలు వేశారు. ఒకటి చిన్న రాజహంస కాలి పొడుగు, ఇంకోటి పెద్ద రాజహంస కాలి పొడుగు, మూడోది మా క్లాసులో అందరికంటే పొట్టి పిల్లాడి మోకాలు. అటకానితిప్ప దగ్గర రోడ్డు అంచున దాన్ని పాతి, నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి ఆదివారం లోతు రాసి, ఆ రోజు కనిపించిన పక్షులు లెక్కపెట్టి ఒక నోట్సులో పెట్టాలని వాళ్ళ ఆలోచన. అభయారణ్యం కాబట్టి మీ అనుమతి లేకుండా ఒక్క పుల్ల కూడా పాతకూడదని నేనే ఆపాను. అనుమతి కోరుతూ విడిగా దరఖాస్తు పెడుతున్నాం. ఈ ఏడు పక్షులు దిగేలోగా జవాబు వస్తే, మొదటి ఆదివారం కర్ర పాతేటప్పుడు మీలో ఎవరైనా రండి. ఉదయం ఆరుకల్లా ఉంటాం. చెప్పులు విప్పి దిగాలి, బురద చల్లగా ఉంటుంది.

ఇట్లు,
సూళ్ళూరుపేట ప్రాంతంలో ఒక జీవశాస్త్రం టీచరు, తొమ్మిదో తరగతి పిల్లలు